సంపులో కలిసిపోతున్న మూడు రకాల నీళ్లు

కందిపప్పు మామూలుగా మూడు విజిల్స్‌కు ఉడికిపోవాలి. ఆరు వచ్చాక మూత తీసినా పలుకుగానే ఉంటే ముందు తిట్లు పడేది కిరాణా కొట్టుకు, పాత సరుకు అంటగట్టారని. మరుసటి నెల ఇంకో కొట్లో తెచ్చినా అదే కథ. హైదరాబాద్ శివార్లలో, నిజాంపేట, బాచుపల్లి లాంటి చోట్ల అపార్ట్‌మెంట్లలోకి కొత్తగా దిగినవాళ్లు చాలామంది ఈ అనుమానం పడే ఉంటారు. తేడా పప్పులో లేదు, కుక్కర్లో పోసిన నీళ్లలో ఉంది. గింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి పెక్టిన్‌ను పట్టుకుని ఇంకా బిగిస్తాయి. చిటికెడు వంటసోడా వేయమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేది ఈ బిగువు విప్పడానికే.

ఇలాంటి నీళ్లను మనం ఉప్పునీళ్లు అనేస్తాం. పాఠ్యపుస్తకాల్లో కఠిన జలం అని రాస్తారు. నీళ్ల మెషిన్ అమ్మేవాళ్లు టీడీఎస్ ఎక్కువ అంటారు. ఈ మూడూ ఒకటి కావు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఎంత అని. కాఠిన్యం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా ఎంత అని. ఉప్పదనం ప్రధానంగా సోడియం క్లోరైడ్ వల్ల వస్తుంది. నాలుకకు ఉప్పగా తగిలే నీళ్లలో సబ్బు నురగ బాగానే రావచ్చు. ఉప్పదనం ఏమాత్రం తెలియని నీళ్లు గీజర్ రాడ్ మీద తెల్లటి పొర కట్టొచ్చు. ఏ బాధకు ఏ మందు అన్నది ఈ తేడా తెలిస్తేనే తేలుతుంది. తెలియకుండా మెషిన్లు కొంటే డబ్బు పోతుంది, బాధ అలాగే ఉంటుంది.

శివారు ఊళ్లలో చిక్కేమిటంటే, నల్లా విప్పితే వచ్చే నీళ్లు ఒక చోటివి కావు. హైదరాబాద్‌కు నీళ్లు ఒక్కో కాలంలో ఒక్కో చోటి నుంచి వచ్చాయి. 1908 వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మీద మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే జనం గండిపేట అంటారు. ఊరు పెరిగింది, ఆ రెండు చెరువులూ చాలలేదు. 1960ల నుంచి మంజీరా, 2004 నుంచి నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, 2015-16లో ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. ఇప్పటికీ పాత ఇళ్లలో వాటర్ బోర్డు నీళ్లను 'మంజీరా' అనే పిలుస్తారు, పైపులో వచ్చేది గోదావరి అయినా సరే. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిపి 2019లో నగరపాలక సంస్థ చేసేనాటికి ఆ ప్రాంతమంతా అపార్ట్‌మెంట్లతో నిండిపోయింది. ఇళ్లు వచ్చిన తర్వాతే పైపులైన్లు వచ్చాయి. అంతకుముందు బోరూ ట్యాంకరే దిక్కు. పైపు వచ్చాక కూడా బోరు ఆగలేదు. రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వచ్చే నీళ్లు వాడకానికి చాలవు కాబట్టి బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు, బోర్డు నీళ్లు మూడూ కింద ఒకే సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటారు పైకి ఎక్కిస్తుంది.

నది నీళ్లకూ బోరు నీళ్లకూ అంత తేడా ఎందుకంటే, కింద ఉన్నది గ్రానైట్. హైదరాబాద్ చుట్టుపక్కల రాతికి 250 కోట్ల ఏళ్ల వయసు ఉంటుంది. ఈ రాయికి ఇసుక నేలలా నీళ్లు పట్టే గుణం లేదు. పైన మెత్తబడిన పొరలోనూ, లోపల పగుళ్లలోనూ మాత్రమే నీళ్లు నిలుస్తాయి. వాన నీళ్లు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కాస్త పులుపెక్కుతాయి. ఆ నీళ్లు రాతిలోని ఖనిజాలను, మట్టిలో అక్కడక్కడా గడ్డలుగా కనిపించే సున్నపు పదార్థాన్ని మెల్లగా కరిగిస్తాయి. ఎంతకాలం రాతితో కలిసి ఉంటే అంత కరిగించుకుంటాయి. అందుకే ఏటేటా బోరు లోతు పెంచుకుంటూ 800, 1,000 అడుగులకు పోతున్న చోట నీళ్లు దొరికినా అవి ఎక్కువ లవణాలు మోసుకురావడంలో ఆశ్చర్యం లేదు. నల్లగొండ జిల్లాను తరాలుగా పీడించిన ఫ్లోరైడ్ కూడా ఇలా గ్రానైట్‌లోంచి నీళ్లలోకి దిగినదే.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500. కాఠిన్యాన్ని సుద్ద (కాల్షియం కార్బనేట్) లెక్కలోకి మార్చి చెబుతారు. 2012లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. టీడీఎస్‌కు ఈ రెండు అంకెలూ 500, 2,000. శివారు బోర్లలో కాఠిన్యం 400, 500 ఉండటం అరుదేమీ కాదు. కాగితం మీద ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. ఒక బకెట్టులో చూస్తే తెలుస్తుంది. 20 లీటర్ల బకెట్టు, కాఠిన్యం 400 అనుకుంటే, అందులో 8 గ్రాముల సుద్దకు సమానమైన ఖనిజం కరిగి ఉన్నట్టు. సబ్బు వేయగానే కాల్షియం దాన్ని పట్టుకుని తెల్లటి తెట్టుగా విరగ్గొడుతుంది. ఆ కాల్షియం మొత్తం తీరాకే నురగ నిలుస్తుంది. రసాయన శాస్త్రం లెక్కన గ్రాము కాఠిన్యానికి సుమారు 6 గ్రాముల సబ్బు పోతుంది. అంటే ఆ బకెట్టు నీళ్లను సబ్బుతోనే లొంగదీయాలంటే 50 గ్రాముల దాకా సబ్బు, అంటే 100 గ్రాముల బిళ్లలో సగం, నురగ రాకముందే ఖర్చు. స్నానానికి బకెట్టంతా సబ్బు కలపం కాబట్టి అంత పోదు. కానీ నెల తిరక్కుండానే సబ్బులు ఎందుకు అయిపోతున్నాయో ఈ లెక్క చెబుతుంది.

ఇంటి మొత్తానికి చూస్తే ఇంకా పెద్దది. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది పట్టణాల్లో నీటి సరఫరాకు పెట్టుకున్న లెక్క. నలుగురున్న ఇంట్లో 540 లీటర్లు. 400 కాఠిన్యంతో ఆ నీళ్లలో రోజుకు 216 గ్రాములు, నెలకు ఆరున్నర కిలోల సుద్ద కరిగి ఇంట్లోకి వచ్చి పోతోంది. ఎక్కువ భాగం డ్రైనేజీలోకే పోతుంది. కానీ ఎక్కడ నీళ్లు కాగుతాయో, ఎక్కడ ఆరిపోతాయో అక్కడ కొంత మిగిలిపోతుంది. బకెట్టు అంచున తెల్లటి గీతలు, స్టీలు గ్లాసుల మీద మచ్చలు, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం, టీ మీద తేలే పల్చటి పొర, అన్నీ అదే. వేడి తగిలితే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ విరిగి, కరగని కాల్షియం కార్బనేట్‌గా, అంటే సుద్దగా, దిగుతుంది. గీజర్‌లో రాడ్ చుట్టూ ఈ పొర మందంగా పేరుకుంటే వేడి నీళ్లకు చేరదు, రాడ్‌లోనే ఉండిపోతుంది. కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి రాడ్ కాలిపోతుంది. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల లోపు ఉంచితే పొర కట్టడం నెమ్మదిస్తుంది. కట్టిన పొరకు నిమ్మ ఉప్పు బాగా పనిచేస్తుంది. కాగులో అడుగున పట్టిన తెల్లటి పెచ్చును చింతపండుతో రుద్ది తీసిన ఇళ్లు ఎన్నో. పులుపుకు సుద్ద కరుగుతుంది, రెండింటిలో జరిగేది ఒకటే.

ఇప్పుడు మళ్లీ సంపు దగ్గరకు రావాలి. అసలు విషయం అక్కడే ఉంది. సంపులో 4,000 లీటర్ల బోర్డు నీళ్లు ఉన్నాయనుకుందాం, కాఠిన్యం 120. దాని మీద 500 కాఠిన్యం ఉన్న బోరు నీళ్లు 6,000 లీటర్లు కలిపారు. కలిసిన నీళ్ల కాఠిన్యం 348. రెండు రోజుల తర్వాత బోర్డు నీళ్లు రాలేదు, బోరే నడిచింది, అప్పుడు 500కు దగ్గర పడుతుంది. ఆ వారాంతంలో ట్యాంకరు వచ్చింది, అది ఎక్కడి బోరులో నింపుకొచ్చిందో డ్రైవరుకే తెలియాలి. ఇంట్లో టీడీఎస్ మీటరు పెట్టి చూసేవాళ్లకు సోమవారం ఒక అంకె, గురువారం ఇంకో అంకె వచ్చేది ఇందుకే. మీటరు పాడైందనుకుంటారు. మీటరు బాగానే ఉంది. ఒక్కసారి శాంపిల్ తీసి చూపించి, "మీ నీళ్లు ఇలాంటివి" అని ఎవరైనా చెబితే అది ఆ రోజు సంపు మాట మాత్రమే.

బోర్డు నీళ్లకు కాఠిన్యం పెరగడం ఒక్కటే కాదు నష్టం. శుద్ధి చేసి పంపిన నీళ్లలో క్లోరిన్ కొంత మిగిలి ఉండాలి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. దారిలో, పైపులో, ట్యాంకులో క్రిములు చేరితే వాటి పని పట్టేది ఆ మిగులే. అంత కొద్దిపాటి క్లోరిన్ ఉన్న నీళ్ల మీద ఒకటిన్నర రెట్లు క్లోరిన్ లేని బోరు నీళ్లు పోస్తే అది పలచబడి, ఉన్నదీ కొద్దిసేపట్లో ఖర్చయిపోతుంది. నూట ఎనభై కిలోమీటర్ల అవతలి నుంచి తెచ్చి, వడగట్టి, క్లోరిన్ కలిపి పంపిన నీళ్లకు ఉన్న రెండు మంచి గుణాలూ, మెత్తదనం, రక్షణ, మన గేటు లోపల పది అడుగుల గుంతలో పోగొట్టుకుంటున్నాం. ఇది మనసును బాధపెట్టే విషయం, ఎందుకంటే ఇది ప్రకృతి చేసింది కాదు, ప్లాను గీసినప్పుడు చేసింది.

ప్రమాదం ఎక్కడుందన్న ప్రశ్నకు కూడా దీంతో సంబంధం ఉంది. కాఠిన్యానికి ఆరోగ్యం పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పరిమితీ పెట్టలేదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఒంటికి పనికొచ్చేవే. కిడ్నీలో రాళ్లకు కఠిన జలమే కారణమని నిర్ధారణ కాలేదు. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగడం మాత్రం తప్పకుండా కారణమే. జుట్టు విషయంలో, సబ్బు తెట్టూ ఖనిజాలూ పట్టి వెంట్రుక గరుకెక్కుతుంది, చిక్కుపడి దువ్వెనకు తెగుతుంది. కుదుళ్ల నుంచి ఊడటం వేరే సంగతి, దానికి డాక్టరు దగ్గరకు వెళ్లడం మేలు. కాఠిన్యం ఇంటిని, జేబును ఇబ్బంది పెడుతుంది. ప్రాణం మీదకు తెచ్చేది క్రిమి.

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, మరణాలూ జరిగాయి. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటితో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఇలాంటి నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచితే ప్రమాద ఘంట మోగదు. మురుగు కొద్దిగా కలిస్తే లవణాలు పెద్దగా పెరగవు, రోగక్రిములు మాత్రం లక్షల్లో చేరతాయి. పైపులో నీళ్లు నిరంతరం ఒత్తిడితో ఉంటే లీకుల్లోంచి బయటికి కారుతాయే తప్ప లోపలికి ఏదీ రాదు. రోజు విడిచి రోజు వదిలే చోట పైపు ఖాళీ అయినప్పుడు, పక్కనే పారే డ్రైనేజీ నీళ్లు అదే లీకులోంచి లోపలికి వస్తాయి. లైనుకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లుంటే ఈ పీల్పు ఇంకా ఎక్కువ. నల్లా వచ్చిన మొదటి ఐదు నిమిషాల నీళ్లు సంపులోకి వదలకుండా మొక్కలకు పట్టడం పాత అలవాటు. మానకూడని అలవాటు కూడా.

ఇళ్లకు వచ్చి మెషిన్ అమ్మేవాళ్లు చూపించే ఓ పరీక్ష ఉంది. రెండు గ్లాసులు, ఒకదాంట్లో ఇంటి నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు, అంటే సన్నటి పొరలోంచి ఒత్తి లవణాలు వేరు చేసే మెషిన్ ఇచ్చినవి. రెండింట్లో కడ్డీలున్న పరికరం ముంచి స్విచ్ వేస్తారు. అర నిమిషంలో నల్లా నీళ్లు ఇటుక రంగుకు తిరిగి, ముద్దలు ముద్దలుగా తెట్టు తేలుతుంది. ఆర్‌ఓ గ్లాసు అలాగే ఉంటుంది. పిల్లలకు ఇవే తాగిస్తున్నామా అని ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అక్కడ కనిపించేది నీళ్లలోని మురికి కాదు. లవణాలున్న నీళ్లలోంచి కరెంటు పారుతుంది, పారినప్పుడు ఇనుప కడ్డీ తానే కరిగి తుప్పుగా దిగుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి కరెంటు పెద్దగా పారదు, కడ్డీ కరగదు. ఆ శుభ్రమైన గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి, అవీ అదే రంగుకు వస్తాయి.

అలాగని ఆర్‌ఓ ఎక్కడా అక్కర్లేదని కాదు. బోరు నీళ్లే తాగాల్సిన చోట లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటినా, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటినా ఇంట్లో చేయగలిగిన నమ్మకమైన దారి అదే. నైట్రేట్‌కు ప్రమాణంలో సడలింపు లేదు. పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది. భూగర్భ డ్రైనేజీ రాకముందే ఇళ్లు వచ్చేసిన శివార్లలో సెప్టిక్ ట్యాంకుల నుంచి ఇంకే నీళ్లతో నైట్రేట్ బోర్లలోకి చేరుతుంది. మరగబెడితే క్రిములు చస్తాయి, కాఠిన్యంలో కొంత దిగుతుంది, కానీ నైట్రేట్, ఫ్లోరైడ్ తగ్గవు. నీళ్లు ఆవిరైన కొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది. పటిక, చిల్లగింజ బురదను తేర్చడానికి మంచివి, కరిగిన ఖనిజాన్ని అవి ముట్టుకోలేవు. బోర్డు నీళ్లు మాత్రమే తాగే ఇంటికి ఆర్‌ఓతో అవసరం తక్కువ. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని పర్యావరణ శాఖకు చెప్పింది ఈ కారణంతోనే. ఇళ్లలో పెట్టే మెషిన్లు లీటరు నీళ్లు ఇచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తాయి. అదే ఊళ్లో వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తాం.

సాఫ్ట్‌నర్ ఇంకో రకం. అందులోని రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండాక ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ వాడతారు. గీజర్‌కు, వాషింగ్ మెషిన్‌కు మేలు. కానీ టీడీఎస్ తగ్గదు, ఒకటి పోయి ఇంకోటి వచ్చి చేరుతుంది. కాఠిన్యం ప్రతి 100కు లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం కలుస్తుంది. 400 కాఠిన్యం పూర్తిగా తీసేస్తే 184. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో ఆ నీళ్లు వంటింటి నల్లాకు రానివ్వకపోవడం మంచిది.

పరీక్ష చేయించాలనుకుంటే సంపులోంచి కాదు, మూడు చోట్ల విడివిడిగా తీసుకోవాలి. బోర్డు నీళ్లు నల్లా దగ్గర, బోరు నీళ్లు మోటారు పైపు దగ్గర, ట్యాంకరువి ట్యాంకరు దగ్గర. కాఠిన్యం కిట్లు బజారులో దొరుకుతాయి. చిన్న సీసాలో నీళ్లు పోసి సూచిక కలిపితే ద్రాక్షరసం రంగు వస్తుంది. అందులో చుక్క చుక్కగా మందు వేస్తూ పోతే ఏదో ఒక చుక్కకు రంగు ఒక్కసారిగా నీలమవుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయన్నదే కాఠిన్యం. క్రిములకు హెచ్2ఎస్ సీసాలుంటాయి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గదిలో ఉంచితే నల్లగా మారితే మలంతో వచ్చే క్రిములున్నట్టు. క్లోరిన్‌కు వేసే చుక్క మందు నీళ్లను పసుపు రంగుకు తిప్పాలి, రంగు రాకపోతే రక్షణ లేనట్టే. వంటింటి నల్లా దగ్గర పసుపు రంగు రాకుండా, గేటు దగ్గర వస్తుంటే తప్పు సంపుదో, పైన ట్యాంకుదో అని వెంటనే తెలిసిపోతుంది.

బోరు నీళ్లనే కాస్త మెత్తబరచే మార్గం కూడా ఉంది, దానికి మెషిన్ అక్కర్లేదు. వాన నీళ్లలో కాఠిన్యం దాదాపు సున్నా. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 200 చదరపు మీటర్ల డాబా మీద పడే వానలో ఐదింట నాలుగు వంతులు పట్టగలిగినా 1,28,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పాతిక. ఇంకుడు గుంత బోరు పక్కనే ఉండి, వడపోత పొర ఏటా శుభ్రం చేస్తే వానాకాలం తర్వాత ఆ బోరు నీళ్లలో తేడా నురగలోనే కనిపిస్తుంది. అనుమతి కోసం తవ్వి, తర్వాత చెత్త నింపిన గుంతలతో ఆ తేడా రాదు.

పాత హైదరాబాద్ ఇళ్లలో రెండు నల్లాలుండేవి. వంటింట్లో మంజీరా నల్లా ఒకటి, బాత్రూములకు బోరు నల్లా ఒకటి. చుట్టాలొస్తే ఇంటావిడ మొదట చెప్పేది ఏది తాగే నల్లానో. కొత్త అపార్ట్‌మెంట్లలో ఒకే సంపు, ఒకే పైపు పెట్టి ఆ పద్ధతిని పోగొట్టుకున్నాం. తిరిగి తెచ్చుకోవడం అనుకున్నంత పెద్ద పని కాదు. మనిషికి పెట్టుకున్న ఆ 135 లీటర్లలో తాగడానికి 5, వంటకు 5 లీటర్లే లెక్క. మిగిలిన 125 స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, ఫ్లష్‌కు పోతాయి, వాటికి బోరు చాలు. 40 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి 10 లీటర్లు, మొత్తం రోజుకు 1,600 లీటర్లు. రోజు విడిచి రోజు నీళ్లొచ్చినా 3,200. బోర్డు నీళ్లు మాత్రమే పడేలా 5,000 లీటర్ల ట్యాంకు ఒకటి కింద, పైకి చిన్న మోటారు, వంటిళ్లకు దిగే సన్నటి పైపు ఒకటి. సంఘం మీటింగులో ఒక్కో ఫ్లాటు వాళ్లు మెషిన్‌కు, ఏటా దాని ఫిల్టర్లకు పెడుతున్న ఖర్చు కూడి, దాని పక్కన ఈ పైపు ఖర్చు రాసి చూడొచ్చు.